తిరుపతి పక్కన చిన్న ఊళ్లో ఇల్లు కొనాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కొర్లగుంటలో పదకొండేళ్లు అద్దెకుండి, చివరికి చంద్రగిరిలో ఒక పాత మిద్దె ఇల్లు కొనుక్కున్నాం. అప్పటి నుంచి ఆఫీసులో వాళ్లు, చుట్టాలు, మా ఆవిడ తరఫు వాళ్లు, ఆఖరికి పాత ఇంటి పక్కవాళ్ల అల్లుడు కూడా ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ చెప్పిందే చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అది మళ్లీ వాళ్లకు ఇబ్బంది అవుతోంది. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. నేను వకీలును కాను, బ్రోకర్ని కాను. రెండేళ్లు ఊళ్లు తిరిగి, ఒక ఇంటి దగ్గర అడ్వాన్సు ఇచ్చి చిక్కుకుని, రెండోసారి కుదురుకున్నవాణ్ని.

తిరుపతిలోనే ఏదో ఒక ఫ్లాటు కొనుక్కోక, చిన్న ఊరు ఎందుకు?

తిరుపతికి ఉత్తరాన కొండ. అటు ఊరు పెరగడానికి చోటే లేదు. పెరిగితే మిగిలిన మూడు వైపులా పెరగాలి, అలాగే పెరుగుతోంది, రేట్లు కూడా దాంతోపాటే. మా దగ్గరున్న డబ్బుకు ఊళ్లో వచ్చేది మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అదే డబ్బుకు ఇక్కడ నాలుగు గోడలు, వెనక కాస్త పెరడు, కరివేపాకు చెట్టు, మా అమ్మకు తులసికోట వచ్చాయి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, లిఫ్టు ఆగిపోతే కిందికి దిగలేదు. మా ఇంటి పరిస్థితి అది, మీ పరిస్థితి వేరే అయితే లెక్క కూడా వేరే. ఇద్దరూ తిరుపతిలో ఉద్యోగం చేస్తూ, పిల్లలు రోజూ ట్యూషన్లకు తిరిగే వయసులో ఉంటే ఫ్లాటే మంచిదని నేనే ఇద్దరికి చెప్పాను.

చంద్రగిరా, రేణిగుంటా, పుత్తూరా, శ్రీకాళహస్తా? ఏది మంచిది?

మీరు రోజూ పోయే చోటు ఎటువైపుందో అటు. ఎయిర్‌పోర్టు, పెద్ద రైల్వే జంక్షన్, ఆ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పని అయితే రేణిగుంట. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థల వైపు పనైతే శ్రీకాళహస్తి కూడా ఆలోచించవచ్చు. ఇంట్లో ఎవరైనా తరచూ చెన్నై వెళ్లి రావాలంటే పుత్తూరు బాగుంటుంది, అరక్కోణం వైపు రైలు మార్గంలోనే ఉంది, రోడ్డు కూడా నగరి మీదుగా నేరుగా పోతుంది. స్విమ్స్, రుయా ఆసుపత్రులు, యూనివర్సిటీల వైపు పనైతే చంద్రగిరి దగ్గర. మేము చంద్రగిరి తీసుకోవడానికి ఇంకో కారణం, మా సొంతూరు పాకాల. పండక్కి పోవడానికి అదే దారి.

రోజూ తిరుపతికి తిరగడం కష్టం కాదా?

చంద్రగిరి నుంచి పన్నెండు కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. బస్సులున్నాయి, షేర్ ఆటోలున్నాయి. కానీ కిలోమీటర్లు చూసి ఏదీ తేల్చుకోవద్దు. మీరు వెళ్లే టైముకు, మీరు వెళ్లే బండి మీద, వరసగా ఒక వారం వెళ్లి రండి. ఆదివారం మధ్యాహ్నం బ్రోకరు కారులో కూర్చుని వెళ్తే ఏ ఊరైనా పావుగంటే అనిపిస్తుంది. సోమవారం పొద్దున స్కూలు బస్సుల మధ్య, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు, ఫిబ్రవరి ప్రాంతంలో శ్రీనివాసమంగాపురం ఉత్సవాలప్పుడు ఆ పావుగంట ఎంతవుతుందో ముందే తెలుసుకోవాలి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బస్సు ఉందా, ఆటో దొరుకుతుందా అనేది ఆడపిల్లలు ఉద్యోగం చేసే ఇంట్లో మొదట అడగాల్సిన ప్రశ్న. మేమది మర్చిపోయాం, తర్వాత స్కూటీ కొనాల్సొచ్చింది.

రైలు సంగతి కూడా అడుగుతుంటారు. చంద్రగిరి స్టేషన్ తిరుపతి, పాకాల, కాట్పాడి లైను మీద ఉంది. ఆ 104 కిలోమీటర్ల లైనును డబ్లింగ్ చేయడానికి 2025 ఏప్రిల్లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. సంతోషమే. కానీ ఇవాళ కొనేవాళ్లు ఇవాళ నడుస్తున్న బండిని చూసుకుని కొనాలి.

ఇక్కడ అందరూ అంకణాల్లో చెబుతారు. అంకణం అంటే ఎంత?

తిరుపతి, చంద్రగిరి వైపు అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. అంటే నాలుగు గజాలు. గూడూరు, నెల్లూరు వైపు పోతే అదే అంకణం 72 చదరపు అడుగులు. ఆ వైపు నుంచి వచ్చిన మా కొలీగ్ ఒకాయన "రేటు సగమే ఉందే" అని సంబరపడ్డాడు, తీరా చూస్తే స్థలమూ సగమే. సెంటు మాత్రం ఎక్కడైనా ఒకటే, 435.6 చదరపు అడుగులు, మన లెక్కలో పన్నెండు అంకణాల పైన కొంచెం. నలభై అడుగుల పొడవు, ఇరవై ఏడు అడుగుల వెడల్పు ఉన్న స్థలం 1080 చదరపు అడుగులు, అంటే ఇక్కడ 30 అంకణాలు, రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ. అగ్రిమెంటులో అంకణాలతోపాటు చదరపు గజాలు, నాలుగు వైపుల అడుగులు కూడా రాయించండి. టేపు పట్టి మీరే కొలవండి. పాత దస్తావేజులో ఉన్న కొలతకూ నేల మీద ఉన్నదానికీ అడుగో రెండడుగులో తేడా రావడం మామూలే, అది పక్కింటి గోడలో కలిసిందా, వీధిలో కలిసిందా అన్నది తేల్చుకోవాలి.

నీళ్ల సంగతి ఎలా తెలుసుకోవాలి?

అమ్మేవాళ్లను అడిగితే "బ్రహ్మాండం" అంటారు. పక్కింట్లో ఆడవాళ్లను అడగండి, వీలైతే మీ ఇంటి ఆడవాళ్ల చేత అడిగించండి. కుళాయి ఎన్నాళ్లకొకసారి వస్తుంది, ఏ టైముకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు తెప్పించుకుంటారా, ఆ ట్యాంకరు ఈ సందులోకి తిరుగుతుందా. ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. మేము చూసిన ఒక ఇల్లు అన్ని విధాలా నచ్చింది, కానీ సందు మలుపులో కరెంటు స్తంభం, ట్యాంకరు రాదు, ఎండాకాలంలో వాళ్లు పైపు పట్టుకుని అరవై అడుగులు లాక్కుంటున్నారు.

బోరుంటే లోతెంత, ఎప్పుడు వేశారు, మోటారు ఎన్నో అడుగు దగ్గర దించారు, మధ్యలో పైపులు ఎన్నిసార్లు దించారు అని అడగండి. మన వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్తేమీ కాదు, అలాంటి బోరులో మోటారు కాలిపోతే పైకి తీయడానికే పెద్ద ఖర్చు. సెప్టెంబరు తర్వాత ఇల్లు చూస్తే ఏ బోరైనా బాగానే పోస్తుంది, మనకు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే కదా. అందుకే వీలైతే మే నెలలో ఒకసారి చూడాలి. మోటారు వేయించి అరగంట అక్కడే నిలబడండి. పది నిమిషాలకు ధార సన్నబడితే మీకు విషయం తెలిసిపోయినట్టే. ఆ నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. రుచి చూసి సరిపెట్టుకోవద్దు, ఫ్లోరైడు నాలుకకు తెలియదు.

స్వర్ణముఖి ఏటి దగ్గర ఇల్లు కొనొచ్చా? ఏడాదంతా ఎండిపోయే ఉంటుంది కదా?

ఆ ఎండిపోయి ఉండటమే మనల్ని మోసం చేస్తుంది. 2021 నవంబరులో ఇక్కడ ఉన్నవాళ్లెవరూ ఈ ప్రశ్న అడగరు. ఆ వారం వానకు తిరుపతి వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి గట్టు తెంచుకుని ఒడ్డున ఉన్న కట్టడాలను కోసుకుపోయింది, వంతెనల దగ్గర రోడ్లు తెగిపోయాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. మేము అప్పుడు కొర్లగుంటలోనే ఉన్నాం. మూడు రోజులు నిద్ర లేదు.

చంద్రగిరి దగ్గర తొండవాడలో స్వర్ణముఖిలో కల్యాణి, భీమా నదులు కలుస్తాయి. అంటే కొండల మీద పడిన వాన నీళ్లు ఈ చుట్టుపక్కలకు దిగుతాయి. ఏటి ఒడ్డు ఒక్కటే కాదు, పాత చెరువు, చెరువులోకి నీళ్లొచ్చే వంక, చెరువు నిండితే మొరవ పారే దారి కూడా చూసుకోవాలి. ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు, నాలుగు ఇళ్లు ఉండొచ్చు. ఊళ్లో అరవై ఏళ్లు దాటిన వాళ్లను ఎవరినైనా పట్టుకుని "పెద్దాయనా, ఇది ముందు ఏముండేది?" అని అడగండి. నన్ను ఒక స్థలం నుంచి కాపాడింది టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన. "యాడికి సామీ, అది వంక గదా, మా చిన్నప్పుడు ఆడ ఎద్దులు కడిగేటోళ్లం" అన్నాడు. కాగితాల్లో అది చక్కగా పట్టా భూమే. వెళ్లి రెవెన్యూ పటం తీయిస్తే వంక గీత ప్లాటు వెనకే పోతోంది. 2021లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటి గోడ మీద చారలు అడిగినా చెబుతాయి, చాలామంది రంగు వేసేశారు గానీ వెనక గోడకు వేసి ఉండరు.

కోట కనిపించేలా, కొండ కింద ఇల్లు. బాగుంటుంది కదా?

బాగుంటుంది, నాకూ అదే ఆశ ఉండేది. కానీ చంద్రగిరి కోట, రాజమహల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అలాంటి కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాతి రెండు వందల మీటర్లలో కట్టాలన్నా, పైన అంతస్తు వేయాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాలి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. శ్రీనివాసమంగాపురం గుడి విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఉన్న ఇంట్లో ఉండటానికి అభ్యంతరం లేదు, కానీ "కింద కొనేసి పైన పిల్లోడికి ఒక పోర్షన్ వేద్దాం" అనుకుని కొంటే ఇబ్బంది పడతారు. బ్రోకర్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

కొండ అంచున అయితే రిజర్వు ఫారెస్టు సరిహద్దు ఎక్కడుందో చూసుకోవాలి. కోతుల బెడద ఉంటుంది, మిద్దె మీద ట్యాంకు మూత కట్టేసుకోవాలి. శేషాచలం అడవిలో చిరుతలున్నాయి, తిరుపతిలో యూనివర్సిటీ ప్రాంగణాల్లోకే వచ్చిన రోజులున్నాయి. చిన్నపిల్లలున్న ఇల్లు అయితే కాంపౌండు గోడ, వీధి దీపం సంగతి గట్టిగా ఆలోచించండి.

ఏ కాగితాలు చూడాలి?

ముందుగా ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా), కనీసం ముప్పై ఏళ్లది. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, బాగా పాత వివరాలకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. తర్వాత ఇప్పటి యజమాని సేల్ డీడు, దాని వెనక ఉన్న లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) ఒకటి కూడా తెగకుండా. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ప్లాను అనుమతి. ఇంటి స్థలం ఒకప్పుడు పొలమైతే ఆ సర్వే నంబరు అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (యజమాని ఖాతా రికార్డు), ఎఫ్ఎంబీ పటం (హద్దుల కొలతల పటం). ఒకే సర్వే నంబరు ముక్కలు ముక్కలుగా అమ్ముడై ఉంటే సబ్‌డివిజన్ అయిందో లేదో కూడా.

ఈసీలో ఏమీ లేదు కాబట్టి క్లియర్ అనుకుంటారు చాలామంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఇంట్లో రాసుకున్న విల్లు, స్టాంపు కాగితం మీద రాసిచ్చిన అగ్రిమెంటు, అన్నదమ్ముల మధ్య కోర్టులో ఉన్న కేసు అందులో రావు. అందుకని ఒరిజినల్స్ కళ్లతో చూడాలి. జిరాక్సులు చూపించి "ఒరిజినల్స్ ఊళ్లో ఉన్నాయి" అంటే, అవి ఎక్కడో తాకట్టులో ఉన్నాయేమో అన్న అనుమానంతోనే మాట్లాడండి, తప్పేం లేదు.

దస్తావేజులోని చెక్కుబంది (నాలుగు వైపుల హద్దులు) తీసుకుని ఇంటి చుట్టూ తిరగండి. తూర్పున ఫలానా వారి ఇల్లు అని ఉంటే ఆ ఫలానా వారిని కలవండి. ఉమ్మడి గోడ ఎవరిది, వాన నీళ్లు ఎటు పోతాయి, వెనక దారిలో నడిచే హక్కు ఎవరికుంది, ఇవన్నీ కాగితంలో సగం, మనుషుల నోట్లో సగం ఉంటాయి. ఈ పనికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, ఆ రెండు సాయంత్రాల్లో పరిచయమైన వాళ్లే ఇప్పుడు మా ఇరుగుపొరుగు.

డీకేటీ పట్టా, మఠం భూమి అంటుంటారు. తక్కువకు వస్తే కొనొచ్చా?

వద్దు. ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ భూమిని 1977 అసైన్డ్ భూముల చట్టం కింద అమ్మడానికి, కొనడానికి వీల్లేదు, కొన్నా హక్కు రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఈ చట్టానికి మధ్యలో సవరణలు వచ్చాయి, వాటి పేరు చెప్పి "ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల నోటిమాట కాకుండా ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో మీరే చూడండి. తిరుపతి చుట్టూ దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, చిన్నచిన్న గుళ్ల మాన్యాలు ఎన్నో ఉన్నాయి. వాటి మీద ఇళ్లు కట్టుకుని ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లూ ఉన్నారు, పన్నూ కడుతున్నారు, కరెంటూ ఉంది. పన్ను రసీదు, కరెంటు మీటరు యాజమాన్య హక్కు కావు. నలుగురున్నారు కదా అన్న ధైర్యంతో జీవితకాలం పొదుపు అక్కడ పెట్టొద్దని చేతులు జోడించి చెబుతున్నా.

పాత ఊళ్లో గ్రామకంఠం ఇల్లు. పత్రాలు సరిగా లేవంటున్నారు?

ఇది వేరే సంగతి, భయపడాల్సినంత కాదు. గ్రామకంఠం అంటే ఊరు పుట్టినప్పటి నుంచి ఇళ్లున్న నేల, అక్కడ పొలానికున్నట్టు ఒక్కో ఇంటికి సర్వే నంబరు, అడంగల్ ఉండవు. తాతల కాలం నుంచి ఉంటున్నారన్నదే హక్కుకు ఆధారం. పాత రిజిస్టర్డ్ దస్తావేజు, భాగపరిష్కార పత్రం, వరసగా ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ రికార్డులో పేరు, ఇవి కలిసి ఒకే కథ చెప్పాలి. చెబితే కొనొచ్చు. కాకపోతే ఇలాంటి ఇళ్లకు కొన్ని బ్యాంకులు లోను ఇవ్వడానికి వెనకాడతాయి. ఆ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే బ్రాంచికి వెళ్లి తేల్చుకోండి.

అన్నదమ్ములు సంతకం పెడతామంటున్నారు. అక్కాచెల్లెళ్లవి కూడా కావాలా?

కావాలి. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

మొదట చూసిన ఇల్లు వేరే. తండ్రి పోయారు, ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు, మర్యాదస్తులు, మాట తీరు బాగుంది. "మా అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేశాం, ఆమెకేం సంబంధం లేదు" అన్నారు. నమ్మి లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చాను. పదిహేను రోజులకు ఆ అక్క ఫోన్ చేసింది. గట్టిగా కూడా మాట్లాడలేదు పాపం, "అన్నా, మీరు మంచోళ్లని విన్నా, నన్ను అడక్కుండా కొనొద్దు" అంది. వకీలు దగ్గరికి పోతే ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి, విల్లు లేకుండా పోతే కూతురికీ కొడుకుతో సమానంగా వాటా. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత కూతురు కూడా పుట్టుకతోనే హక్కుదారు, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. పెళ్లప్పుడు బంగారం పెట్టామన్నది హక్కు వదులుకున్నట్టు కాదు, ఆమె రిజిస్టర్డ్ పత్రం రాసిస్తేనే వదులుకున్నట్టు. తల్లి ఉంటే తల్లి వాటా కూడా.

నా లక్ష వెనక్కి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలు ఇంట్లో ఆ మాట ఎత్తితే టెన్షన్. అందుకే ఇప్పుడు ఎవరడిగినా మొదట చెప్పేది: కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందులో ఉన్న ప్రతి పేరూ రిజిస్ట్రేషన్ రోజు సంతకానికి వస్తుందా అని అడగండి. ఆడబిడ్డ సంతకం ఫార్మాలిటీ కాదు, ఆమె ఆస్తి అది.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి?

కాగితాలు వకీలు చూడకముందు ఏమీ ఇవ్వొద్దు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది" అంటారు, రానివ్వండి. చూశాక అగ్రిమెంటు రాసుకుని, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటి అడ్వాన్సు ఇరవై వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ పెనాల్టీ పడవచ్చు. అగ్రిమెంటులో గడువు, లోను రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఎన్ని రోజుల్లో ఇస్తారు, అమ్మేవాళ్లు మాట తప్పితే ఏంటి, ఇవన్నీ ఉండాలి. గడువు దాటిపోయాక ఊరికే కూర్చోవద్దు, అగ్రిమెంటు అమలు కోసం కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే ఉంటుంది.

జీపీఏ మీద అమ్మకం, అంటే సేల్ డీడు రిజిస్టర్ చేయకుండా పవర్ ఆఫ్ అటార్నీ మాత్రం రాసిచ్చి ఇల్లు అప్పగిస్తామంటే ఒప్పుకోవద్దు. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

అమ్మేవాళ్లు అమెరికాలో ఉన్నారు. ఏం చేయాలి?

మన వైపు ఇది చాలా ఇళ్లలో ఉన్నదే, పిల్లలు అక్కడ, తాళం వేసిన ఇల్లు ఇక్కడ. సేల్ డీడు మీద తమ తరఫున సంతకం పెట్టడానికి వాళ్లు ఇక్కడ ఎవరికో పవర్ రాసిస్తే అది అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి. ఆ పవర్‌లో అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉందా చూడండి. వీడియో కాల్‌లో అసలు యజమానితో ఒకసారి మాట్లాడండి. ఇంకోటి, ఎన్ఆర్ఐ దగ్గర కొంటే టీడీఎస్ (కొనేవాళ్లు ధరలోంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఒక శాతంతో పోదు, చాలా ఎక్కువ, యాభై లక్షల లోపు అయినా వర్తిస్తుంది. ఆడిటరును కలవకుండా డబ్బు పంపొద్దు.

మొత్తం చేతిలో ఎంత ఉండాలి?

నలభై లక్షల ఇల్లనుకుందాం. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం. అంటే మూడు లక్షలు. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. లోను ముప్పై లక్షల లోపైతే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో తొంభై శాతం దాకా, ముప్పై నుంచి డెబ్బై అయిదు లక్షల మధ్యైతే ఎనభై శాతం దాకా ఇవ్వొచ్చు. కానీ అది బ్యాంకు వాల్యుయర్ వేసిన విలువ మీద. పాత ఇంటికి వాల్యుయర్ ముప్పై రెండు లక్షలే రాస్తే లెక్క ఆ ముప్పై రెండు మీదే, మిగతాది మీ జేబులోంచి. రిజిస్ట్రేషన్ ఖర్చు మామూలుగా లోనులో కలపరు. దానిపైన వకీలు, దస్తావేజు రాసేవాళ్లు, బ్రోకరు, రిపేర్లు, రంగులు, గృహప్రవేశం భోజనాలు. మేము వేసుకున్న లెక్కకు పైన రెండున్నర లక్షలు అయ్యింది, అందులో సగం ప్లంబింగే.

ధర యాభై లక్షలు, అంతకు పైనైతే ఒక శాతం టీడీఎస్ మీరు మినహాయించి కట్టాలి. బ్యాంకు వకీలు చూశాడు కదా అని సొంత వకీలును మానొద్దు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు వెనక్కొస్తుందా అని.

పాత మిద్దెలో ఏం చూడాలి?

వాన పడ్డాక వెళ్లండి, ఇంకేం చెప్పక్కర్లేదు. మద్రాసు మిద్దె (కర్ర దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన పాత మిద్దె) అయితే దూలాలకు చెదలు పట్టిందేమో సుత్తితో తట్టి వినాలి, డొల్ల శబ్దం వస్తే లోపల పోయినట్టే. ఆర్‌సీసీ అయితే స్లాబు కింద పెచ్చులు, ఇనుప కమ్మీ తుప్పు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, బోరుకు ఎంత దూరంలో ఉంది, దాన్ని శుభ్రం చేసే లారీ పైపు అక్కడిదాకా వస్తుందా. ఒక మేస్త్రీకి రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి, మన కంటికి పడనివి ఆయన చెబుతాడు.

కొత్త లేఅవుట్లో ప్లాటు గానీ, ఫ్లాటు గానీ అయితే?

తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో లేఅవుటుకు తుడా అనుమతి ఉండాలి. "పంచాయతీ అప్రూవ్డ్" అని బోర్డు పెడితే చాలదు. అనుమతి లేని ప్లాటు కొంటే తర్వాత క్రమబద్ధీకరణ అవకాశం వచ్చినప్పుడు రుసుము కట్టుకోవాల్సొస్తుంది, 2020 పథకంలో ఓపెన్ స్పేస్ (అందరి కోసం వదిలే ఖాళీ స్థలం) లేని లేఅవుట్లకు ప్లాటు విలువలో 14 శాతం పెట్టారు. ప్రాజెక్టు స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) దగ్గర నమోదు తప్పనిసరి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డరు ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. అప్పగించాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి.

వాస్తు?

మా అమ్మ కోసం చూపించాం. మీకు పట్టింపు లేకపోయినా మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లకు ఉంటుంది, అంతవరకు చూసుకోండి.

చుట్టూ ఉన్న ఊళ్లను తిరుపతి కార్పొరేషన్‌లో కలిపి గ్రేటర్ తిరుపతి చేస్తే రేటు డబుల్ అవుతుందంటున్నారు, నిజమేనా?

ఆ మాట మీద ఇప్పుడే ఎక్కువ ధర పెట్టొద్దు. ఊరు కలిస్తే రోడ్డు రావచ్చు, ఇంటి పన్నూ పెరగవచ్చు. మేము ఉండటానికి కొన్నాం. అమ్ముకోవడానికి కొనేవాళ్లకు చెప్పేంత అనుభవం నాకు లేదు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంకేమైనా ఉందా?

ఉంది. ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లన్నీ ఆ రోజే చేతికి తీసుకోండి, లోనైతే బ్యాంకుకు ఇచ్చినట్టు జాబితా రాయించుకోండి. తర్వాత కొద్దిరోజులకు మళ్లీ ఒక ఈసీ తీసి మీ పేరు, కొలతలు, చెక్కుబంది తప్పుల్లేకుండా ఎక్కాయో లేదో చూడండి, తప్పుంటే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లు మళ్లీ రావాలి, కొత్తలోనే పిలిస్తే వస్తారు. ఇంటి పన్ను, కుళాయి, ఎస్పీడీసీఎల్ కరెంటు మీటరు మీ పేరు మీదికి మార్చుకోండి, పాత బకాయిలు తీర్చిన రసీదులు వాళ్ల దగ్గర తీసుకోండి. తాళాలు మార్చండి. మేము మీటరు పేరు మార్చడం ఏడాదిన్నర వాయిదా వేశాం, మిద్దె మీద సోలార్ పెట్టించుకోవాలని దరఖాస్తుకు వెళ్తే అక్కడ ఆగిపోయింది, పాత యజమాని అప్పటికి బెంగళూరు వెళ్లిపోయాడు.